అమ్మ చెయ్యీ, బావ అద్దంముక్కా

మా బావ వైద్యపరికరాలు కనిపెట్టడానికి కారణం మానవసేవ అని ఆయన అంటాడు. అసలు కారణం సూది. హైస్కూల్లో కలరా టీకాలు వేసినరోజు, పిల్లలకి ధైర్యం చెప్పడానికి వరసలో తానే ముందు నిలబడి, సూది పైకి తియ్యగానే వెనకున్న పిల్లల మీదికి ఒరిగిపోయిన సైన్సు మాస్టారు ఆయన. అప్పట్నుంచి ఒంటిని కొయ్యకుండా, గుచ్చకుండా, లోపలికి ఏదీ దూర్చకుండా రోగాన్ని కొలవాలనీ, వీలైతే కుదర్చాలనీ దీక్ష పట్టాడు. దీక్ష పట్టినంత మాత్రాన ఆ రోజు బళ్ళో పిల్లలు పెట్టిన వెక్కిరింపు పేరేమీ పోలేదు.

ఆయన పనిచేసేది విజయనగరం దగ్గర. మా ఇల్లు పొందూరులో. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిస్తామని పేపర్లలో రాస్తున్న రోజులవి. ఆ వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే మా అప్పనీ, ఒక రేకుపెట్టెనీ వెంటబెట్టుకుని ప్యాసింజరు బండి దిగాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. పెట్టెనిండా తీగలు, అద్దంముక్కలు, మైనం, గ్రాఫు కాయితాలు. అల్లుడు రెండు నెలలు అత్తారింట్లో ఉంటే ఊరు ఒక మాట అంటుంది. పరిశోధన అని పేరు పెడితే ఇంకో మాట అంటుంది. రెండూ అన్నారు.

"చంద్రుడి దగ్గరికి వెళ్ళేవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటోందో ఇక్కడ భూమ్మీద కూర్చుని వింటారట్రా," అన్నాడు మొదటిరోజు భోజనాల దగ్గర. "ముట్టుకోకుండా! అదీ సైన్సంటే."

"అంత దూరంలోది వినపడుతుంది గానీ, పక్కగదిలోంచి అప్ప పిలిస్తే నీకు వినపడదేం బావా?" అన్నాను.

నేనప్పటికి పీయూసీ ఒకసారి తప్పి, రెండోసారి రాసి, ఫలితం తెలిసినవాడిలా నిశ్చింతగా ఉన్నాను. కాబట్టి పరిశోధనకి కావలసిన మొదటి మనిషిని నేనే అయ్యాను. మైనపు ముద్దలో చీపురుపుల్ల గుచ్చి నా మణికట్టు మీద నాడి దగ్గర అంటించాడు. పుల్ల కొస నాడితోపాటు చిన్నగా ఊగింది. వీధివాళ్ళంతా వచ్చి చూశారు. ఎదురింటి తాత చాలాసేపు వంగి చూసి, "ఇది ఆగిపోతే ఏటవుతాది?" అని అడిగాడు.

"పుల్ల ఆగిపోతాది తాతా," అన్నాను. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఇదంతా వినోదం. అసలు సంగతి అమ్మ చెయ్యి.

మా అమ్మ సన్న నూలు తీసేది. పొందూరు నూలు గురించి బయటూరివాళ్ళకి చెప్పడం కష్టం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతామంటే నేను హాస్యమాడుతున్నానంటారు. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మారు గానీ, ఈ ఒక్క నిజం ఎవరూ నమ్మలేదు. అలా దువ్వి, గింజ తీసి, ఏకి, వేలిమందం ఏకులు చేసి, రాట్నం మీద వడికితే వచ్చే పోగు వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనిపించదు. పోగు ఎంత సన్నమైతే దాని నంబరు అంత పెద్దది. అమ్మది అన్నిటికంటే పై నంబరు. పెళ్ళికి ముందునుంచీ అదే నంబరు. నాన్నకి పొలం ఉన్నట్టు, అమ్మకి ఆ నంబరు ఉండేది.

బావ రావడానికి వారం ముందు, నూలు తీసుకునే కేంద్రంలో గుమస్తా అమ్మ తెచ్చిన చిలపల్ని, అంటే నూలు చుట్టల్ని, తక్కెట్లో పెట్టకుండా పక్కన పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను, సంచి మోసుకొచ్చిన హోదాలో.

"ఒక దగ్గర సన్నం, ఒక దగ్గర లావు. ఇదేటమ్మా ఇలాగున్నాది? వయసొచ్చేసినాది మరి."

"ఎవులికి? నాకా, నీ కళ్ళకా?"

"కోప్పడకు. వచ్చే నెల సిలపలు సూస్తాను. అవీ ఇలాగే ఉంటే ముతక నూల్లోకి రాసేస్తాను. నాకు మాత్రం సరదా ఏటి?"

అమ్మ ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళు తాగి, "ముతక నూలు నాను తియ్యను. రాట్నం అటకెక్కించేస్తాను," అంది. మా అమ్మ బెదిరించే మనిషి కాదు. ఆవిడ అనేవన్నీ సమాచారం. చెయ్యి వణుకుతోందని ఆ రోజే మాకు చెప్పింది. ఎన్నాళ్ళనుంచి అంటే, "సంకురాత్రి ముందు" అంది. ఏ సంక్రాంతి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కాబట్టి బావ దిగేసరికి రోగి సిద్ధంగా ఉంది, గడువు మూడు వారాలుంది. ఏ పరిశోధకుడికైనా ఇంతకంటే ఏం కావాలి.

ఆయన పరికరం నిజంగా బాగుంది. నేను ఎగతాళి చేసినవాటిలో బాగున్నవి తక్కువ కాబట్టి ఒప్పుకుంటున్నాను. నడింట్లో ఒక పెంకు జరిపితే పదకొండు గంటలకి ఎండ బద్దలా కిందికి దిగేది. పగిలిన చేతి అద్దంలోంచి గోరంత ముక్క తీసి, అమ్మ చూపుడువేలి మీద మైనంతో అంటించాడు. ఆ వేలిని ఎండలో పెడితే ఎదుటి గోడ మీద చిన్న వెలుగుచుక్క పడేది. వేలు వెంట్రుకవాసి కదిలితే గోడ మీద వెలుగు జానెడు కదులుతుంది. గోడకి గంజితో గ్రాఫు కాయితం అంటించాడు. వెలుగు ఎక్కణ్ణించి ఎక్కడికి ఊగిందో పెన్సిలుతో గుర్తులు పెట్టడం నా పని.

అమ్మ అల్లుడి ముందుకి రాదు, వచ్చినా పక్కకి తిరిగి కూర్చుంటుంది. ఆయనతో నేరుగా మాట్లాడదు. చెంగు సర్దుకుని, గోడవైపు మొహం పెట్టి, చెయ్యి చాపింది. వెలుగుచుక్క గోడమీద పడి, మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"వణుకు లేదు," అన్నాడు బావ.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. నాలుగోరోజుకి గ్రాఫు కాయితం మీద నేను పెట్టిన గుర్తులన్నీ కలిసి ఒక దోమంత అయ్యాయి.

"సెయ్యి వణుకుతన్నాది కదరా, పోగు తెగిపోతన్నాది కదా," అంది అమ్మ నాతో, బావ వినేటట్టు.

"లోపం చేతిలో లేదు," అన్నాడు బావ నాతో, అమ్మ వినేటట్టు. "రాట్నంలో ఉంది."

కదురు వంకర అన్నాడు. కమ్మరి దగ్గరికి వెళ్ళి సరిచేయించుకొచ్చాం. చక్రం మీది తాడు వదులన్నాడు. మార్చాం. ఇరుసుకి ఆముదం పోశాడు. రాట్నం మునుపటికంటే బాగా తిరిగింది, నూలు మునుపట్లాగే వచ్చింది. ఆ తర్వాత పత్తి మీద అనుమానం వచ్చింది. పత్తి తర్వాత గాలి. పదో రోజుకి, "ఇది మనసులో వణుకు" అని తేల్చాడు.

"అయితే మనసుకి అద్దం అంటించు బావా."

"నువ్వు రెండోసారి కూడా ఎందుకు తప్పుతావో నాకిప్పుడు తెలుస్తోందిరా."

ఇన్ని రోజులూ మా అప్ప వంటింట్లోంచి తొంగిచూడలేదు. మగవాళ్ళు ఏదో చేసుకుంటున్నారు, చేసుకోనీ అనుకుంది. ఆ రోజు అన్నానికి పిలవడానికొచ్చి, గుమ్మంలో నిలబడి, ఎండలో చాపిన అమ్మ చేతినీ, గోడమీద కదలని చుక్కనీ, దాని ముందు పెన్సిలు పట్టుకుని నిలబడ్డ నన్నూ చూసింది.

"ఏటి సేస్తన్నారు?"

"వణుకు కొలుస్తున్నాం," అన్నాడు బావ.

"నూలు తీసే సెయ్యి ఏదో మీకు తెలుసా?"

"కుడి," అన్నాం బావా నేనూ ఒకేసారి. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు వచ్చింది.

అప్ప గుమ్మానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే వెళ్ళి రాట్నం ముందు కూర్చుని చూపించింది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. అంతే దాని పని. ఏకు పట్టుకుని పోగు సాగదీసేది ఎడంచెయ్యి. సన్నమైనా లావైనా, తెగినా నిలిచినా, నూలంతా ఎడంచేతిలో ఉంది. నేను పుట్టిన గదిలోనే రాట్నం ఉంది. అమ్మ మొహం ఎన్నిసార్లు చూశానో ఆ రాట్నాన్ని అన్నిసార్లు చూశాను. ఇన్నేళ్ళూ చూసి నేను గమనించింది అది గుండ్రంగా ఉంటుందని మాత్రమే.

"మరి అమ్మా, నువ్వైనా సెప్పొద్దేటి? పది రోజులు ఆ సెయ్యి పెట్టుకుని కూకున్నావు!" అంది అప్ప.

"అల్లుడుబాబుకి ఎడంసెయ్యి ఇస్తారేటే ఎవులైనా?" అంది అమ్మ.

ఎడంచేత్తో ఒకరికి మంచినీళ్ళివ్వం, ఒకరి దగ్గర తాంబూలం పుచ్చుకోం. అల్లుడి చేతిలో ఎడంచెయ్యి పెట్టడమంటే ఆయన్ని గుమ్మంలోంచి పొమ్మన్నట్టే. అయినా అప్ప వదల్లేదు.

"కుడి సెయ్యి కొలిస్తే ఎడం సేతి సంగతి ఎలా తెలుస్తాదే?"

"వైద్యుడు నాడి పట్టుకుని కడుపులో రోగం సెప్పడా? ఇంత సదువుకున్నోడు, ఈ సేతినుంచి ఆ సేతికి ఆమాత్రం తెలుసుకోడా అనుకున్నాను."

బావ మొహం చూడాలనిపించింది గానీ ఆయన రేకుపెట్టెలో తల దూర్చి ఏదో వెతుకుతున్నాడు. ఆడవాళ్ళకి ఎడంచెయ్యి చూడాలని వీధుల్లో తిరిగి చెయ్యిచూసి జాతకం చెప్పేవాళ్ళకి కూడా తెలుసు. ఆ మాట నేను పైకే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పదకొండింటికి ఎడంచెయ్యి. అప్పటికి గడువు పదిరోజులే మిగిలింది. అమ్మ ససేమిరా అంది. చివరికి అప్ప దారి కనిపెట్టింది. అద్దం తాను అంటిస్తుంది. బావ గదిలో ఉండడు, వసారాలో నిలబడి కిటికీలోంచి గోడని మాత్రం చూస్తాడు. అమ్మ చెయ్యి ఎవరికీ ఇచ్చినట్టు కాదు. ఎండలో పెట్టినట్టు, అంతే. ముట్టుకోకుండా కొలవాలని బావ పడ్డ తపనంతా ఆ పూట సార్థకమైంది. తాను కోరుకున్నదానికంటే కాస్త ఎక్కువ దూరంనుంచి.

వెలుగు గోడ మీద పడింది. మొదట నాకు గుర్తు పెట్టడం చేతకాలేదు. చుక్క చుక్కలా లేదు, గీతలా ఉంది. గ్రాఫు కాయితం ఈ అంచు దాటి, ఆ అంచు దాటి, సున్నంగోడ మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది. కిటికీ అవతల బావ ఊచలు పట్టుకుని ముందుకి వంగాడు. అమ్మ గోడవైపే చూస్తోంది. తన చేతిలో అంత చిన్నగా ఉన్నది గోడమీద అంత పెద్దగా ఉండడం ఆవిడ అప్పుడే చూసింది.

ఎవరో ఒకరు మాట్లాడాలి.

"కాయితం చాలదు బావా," అన్నాను. "దస్తా తెచ్చుకోవాల్సింది."

అమ్మే ముందు నవ్వింది. తర్వాత, "తియ్యవే అద్దం, వేలు కాలుతంది," అంది అప్పతో.

ఆ మధ్యాహ్నం బావ అన్నం మీద ధ్యాస లేకుండా తిని, వణికే చేతికి బరువు కడితే వణుకు తగ్గాలి అన్నాడు. గాలికి ఊగే కిటికీ తలుపుకి బరువు పెడితే ఆగుతుంది కదా, అలాగ. సముద్రం ఒడ్డునుంచి చేపలు తెచ్చే ఆమెని అడిగితే వలకి కట్టే సీసపు గుళ్ళు తెచ్చిపెట్టింది. ఆవిడ కూడా దేనికని అడిగి, విని, నావైపు జాలిగా చూసింది. అప్ప పాత ఖద్దరు గుడ్డతో నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టి, పన్నెండు గుళ్ళు వరసగా అందులో కుట్టేసింది. అమ్మ ఎడం మణికట్టుకి కట్టి, మర్నాడు ఎండలో పెట్టాం.

వెలుగు తగ్గింది. కాయితం లోపలికొచ్చింది. బావ వసారాలోంచి, "చూశావురా! చూశావురా!" అని అరిచాడు. నేను చూసేవాణ్ణే కాబట్టి చూశానన్నాను.

అమ్మ పట్టీతోనే రాట్నం ముందు కూర్చుంది. పోగు సాగదీసింది. తెగింది. మళ్ళీ అతికింది. తెగింది. అలా ఏకు ఏకంతా ముక్కలు చేసి ఒళ్ళో పోసుకుంది.

"వణకడం నేదు కదమ్మా," అంది అప్ప.

"వణకడం నేదు. కానీ సేతికి నూలు తెలవడం నేదు. పోగు తెగబోయే ముందు వేలికి ఒక మాట సెప్తాది. ఈ బరువులో అది వినపడ్డం నేదు."

బావ కొలవగలిగింది చేతి కదలిక. అమ్మకి కావలసింది చేతి వినికిడి. ఈ రెండూ ఒకటి కాదని రేకుపెట్టెలో ఏ పరికరమూ చెప్పలేదు. అప్పట్నుంచి పరిశోధన తీరు మారింది. పొద్దున్న ఒక గుండు తీసేవాళ్ళం, పదకొండింటికి గోడమీద కొలిచేవాళ్ళం, మధ్యాహ్నం అమ్మ వడికి చూసేది. ఒకరోజు అమ్మ తానే పట్టీని మణికట్టు మీంచి పైకి తోసి, మోచెయ్యి కింద దగ్గర బిగించుకుంది. ఎందుకని అడిగితే, "గాజులకి అడ్డొస్తంది," అంది. అక్కడ కట్టినప్పుడు పోగు ముందుకంటే తక్కువ తెగింది. బావ దానికి రెండు కారణాలు రాసుకున్నాడు. రెంటిలోనూ గాజుల ప్రసక్తి లేదు.

ఎనిమిది గుళ్ళ దగ్గర ఆగాం. ఇంకా కొలుస్తూ కూర్చుంటే గడువు ఆగదు. మిగిలిన ఐదు రోజులూ అమ్మ పొద్దుటినుంచి వెలుగున్నంతసేపూ వడికింది. నేను ఎగతాళి చెయ్యలేదు. చెయ్యడానికి ఏమీ దొరకలేదు.

కేంద్రానికి నలుగురం వెళ్ళాం. గుమస్తా చిలప విప్పి, కాస్త పోగు లాగి, కిటికీ వైపు పట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత అప్పని చూశాడు.

"అమ్మాయి ఊర్లోనే ఉన్నట్టున్నాది."

"ఉన్నాది. అయితే ఏటి?"

"కిందటి నెల అలాగున్న నూలు, ఈ నెల ఇలాగైతే... నాకు లెక్క సెప్పాలి కదమ్మా. ఇది నీ సేతిదేనా?"

అమ్మకి కోపమొస్తుందని అందరం ఎదురుచూశాం. చిలపలు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది మావైపు తిరిగారు. అమ్మ అరుగు మీద ఉన్న రాట్నం దగ్గరికి వెళ్ళి, అక్కడ వడుకుతున్న ఆమెని, "లేమ్మా కాసేపు," అంది. కూర్చుని, సంచిలోంచి పట్టీ తీసి, అందరూ చూస్తుండగా ఎడంచేతికి కట్టుకుంది. బావ స్తంభం వెనక్కి వెళ్ళిపోయాడు. సూది కనిపించినట్టే ఉంది ఆయన వాలకం.

మొదటి పోగు జానెడు సాగి తెగింది. రెండోది మూరెడు వచ్చి తెగింది. "కొత్త రాట్నం," అంది అప్ప ఎవరితోనో. అమ్మ ఏకు మార్చి, పట్టీని కొంచెం పైకి తోసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి వెనక్కి వెళ్ళింది, పోగు దానివెంట వచ్చింది, చెయ్యి చాచినంత మేరా వచ్చి కదురుకి చుట్టుకుంది. ఇంకోసారి. ఇంకోసారి. గుమస్తా వంగి ఆ పోగు తెంపుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"సన్న నూల్లోనే ఉంచుతన్నాను," అన్నాడు. "కానీ పై నంబరు కాదు. దానికి కింది నంబరు."

బావ స్తంభం వెనకనుంచి ఊడిపడి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ముతక తప్పింది కదా. రాట్నం అటకెక్కదు కదా. దారి పొడుగునా విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వాళ్ళకి రాయబోయే ఉత్తరం ఇంగ్లీషులో నాకు వినిపించాడు. ఉత్తరం తర్వాత నిజంగానే రాశాడు. వాళ్ళు జవాబు రాయలేదు. దాన్ని ఆయన పరిశీలనలో ఉన్నట్టు లెక్కవేసుకున్నాడు. అమ్మ మాత్రం మాకంటే నాలుగు బారలు ముందు నడిచి ఇల్లు చేరింది.

రెండురోజుల్లో మా గుమ్మంలోకి ముగ్గురు ఆడవాళ్ళొచ్చారు. ఒకామెకి భుజం నొప్పి. ఒకామె మనవడు అన్నం తినడు. మూడో ఆమె ఎందుకొచ్చిందో చెప్పలేదు గానీ, పట్టీ ఏ వారం కట్టాలి, ఏ దిక్కుగా కట్టాలి అని అడిగింది. ఇది తాయెత్తు కాదని బావ అరగంటసేపు భౌతికశాస్త్రం చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విని, "మరి మంగళవారం కట్టొచ్చా బాబూ?" అన్నారు. కట్టొచ్చని నేనన్నాను.

మూడోరోజు పదకొండింటికి అమ్మ రాట్నం ముందునుంచి లేచి, పట్టీ విప్పి, నడింట్లో అప్ప ముందు పెట్టింది.

"ఇంకొక గుండు తీసెయ్యమను."

బావ గ్రాఫు కాయితం చూపించాడు. ఎనిమిది గుళ్ళకి వెలుగు ఇంత. ఏడయితే ఇంత పెరుగుతుంది. ఆరయితే మళ్ళీ కాయితం అంచుకి వెళ్ళిపోతుంది. చేతికి ఇంతకంటే మంచి స్థితి లేదని, ఇక్కడ ఆగడమే శాస్త్రమని అప్పకి చెప్పాడు. అప్ప చెప్పక్కర్లేకుండానే అమ్మ వింది.

"సేతికి ఇంకా నూలు తెలవాలి. కింది నంబరులో ఎన్నాళ్ళు కూకుంటాను?" అంది. "గోడ మీద ఎలుగు ఆడితే ఆడనీ. నూలు ఆడకుంటే సాలు."

బావ కాయితం మడిచాడు. తర్వాత నన్ను బ్లేడు తెమ్మన్నాడు. అప్ప కుట్టు విప్పి ఒక గుండు బయటికి తీసి, మళ్ళీ కుట్టి ఇచ్చింది. అమ్మ పట్టీ కట్టుకుని, చేతిలో ఏకు ఉన్నట్టే ఎడంచెయ్యి వెనక్కి లాగి చూసుకుంది. మళ్ళీ విప్పి అప్ప ఒళ్ళో వేసింది.

"ఇంకోటి," అంది.